తొమ్మిదో రీలు చూసినవాళ్ళు

రెండువేల మూడో సంవత్సరం వేసవిలో నన్ను పాత చిత్రాల విభాగానికి మాస్టరింగ్ సూపర్‌వైజర్‌గా వేశారు. సినిమాలను వీసీడీలుగా, తర్వాత్తర్వాత డీవీడీలుగా విడుదల చేయడం మా సంస్థ వ్యాపారం. ఆఫీసు అమీర్‌పేటలో ఉండేది. సూపర్‌వైజర్ అంటే హోదాలో టెలిసినీ ఆపరేటర్లకు పైన, టెక్నికల్ మేనేజరుకు కింద. పొరపాటు జరిగితే రెండు వైపుల తిట్లూ సరిగ్గా అందే ఎత్తు అది. ఆ రోజుల్లో హైదరాబాదులో ప్రతివాడూ ఏదో ఒక కొత్త సరుకు అమ్ముతున్నాడు. కొందరు ప్లాట్లు, కొందరు కంప్యూటర్ కోర్సులు. పాత సరుకు అమ్మేవాళ్ళం మేమే.

ముందుగా ఒక మాట. నేను చెప్పేదాంట్లో సగమే నమ్మమని మా ఆవిడ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెబుతుంది. ఏ సగమో చెప్పదు. ఇప్పుడు చెప్పబోయేది నమ్మదగిన సగంలోదని నా పూచీ.

పాత సినిమాను డిస్కులోకి ఎక్కించాలంటే ముందు దాని మూలం వెతకాలి. దాన్ని మేము ఎలిమెంట్ అనేవాళ్ళం. అన్నిటికంటే మేలైనది కెమెరాలో తిరిగిన ఒరిజినల్ నెగెటివ్, దానికి జంటగా సౌండ్ నెగెటివ్. అవి లేకపోతే వాటి నుంచి తీసి దాచిన మాస్టర్ పాజిటివ్. అదీ లేకపోతే దాని నకలుగా తీసిన డూప్ నెగెటివ్. ఏదీ దొరకనప్పుడు చివరి దిక్కు రిలీజ్ ప్రింటు, అంటే ఊరూరా ఆడి ఒళ్ళంతా గీతలు పడ్డ ఫిల్ము. దొరికినదాన్ని శుభ్రం చేసి, అంచున చిరిగిన కంతలకు అతుకులు వేసి, టెలిసినీ యంత్రం మీద నడిపించి వీడియో టేపుకు ఎక్కిస్తాం. ఆ టేపే మాస్టర్. బజారులో అమ్మే డిస్కులన్నీ దాని పిల్లలు.

నాకు అప్పగించిన మొదటి సినిమా ఒక నలుపు తెలుపు జానపదం. రాజకుమారుడు, మాంత్రికుడు, కోట, కత్తియుద్ధాలు. పేరు చెప్పను. దాని హక్కుల వారసులు ఇంకా కోర్టులోనే ఉన్నారు, చెబితే నన్ను సాక్షిగా పిలుస్తారు. నెగెటివ్ కోసం మద్రాసు వెళ్ళాను. ల్యాబులో డబ్బా మూత తీయగానే గుప్పున సిర్కా వాసన, అదే వెనిగర్ వాసన, కొట్టింది. ఫిల్ము చెడితే వచ్చే వాసన అదే. లోపల రీళ్ళు బెల్లం దిమ్మల్లా గడ్డకట్టాయి. నేను తుమ్మిన తుమ్ముకు పక్క గదిలోని డబ్బాలు కూడా మూతలు ఊడిపడ్డాయంటే మీరు నమ్మరు కాబట్టి ఆ మాట వదిలేస్తున్నాను.

చివరికి ఒక పంపిణీదారుడి గోడౌనులో రిలీజ్ ప్రింటు దొరికింది. అందులో తొమ్మిది, పది, పదకొండు రీళ్ళు లేవు. సెన్సారు సర్టిఫికెట్టులో ఉన్న నిడివికీ మా చేతిలో ఉన్నదానికీ అరగంట తేడా. కోటలోంచి పారిపోయిన రాజకుమారుడు మరు నిమిషంలో ఉరికంబం మీద కనిపించేవాడు. మా మేనేజరు దానికి పెద్దగా బాధపడలేదు. పాత సినిమా కొనేవాడు పాటల కోసం కొంటాడనీ, పాటలన్నీ ఉన్నాయి కదా అనీ ఆయన వాదన.

ఆ వారమే తులసమ్మగారని ఒక పెద్దావిడ ఆఫీసుకు వచ్చారు. నాదర్‌గుల్‌లో కూతురి దగ్గర ఉంటారు. సర్కారు జిల్లాల నాటక సమాజాల్లో పెరిగిన మనిషి. మెట్లెక్కి వచ్చినా ఆయాసం కనపడనివ్వకుండా, ఊపిరి సర్దుకుని, అప్పుడు మాట మొదలుపెట్టారు. ఆమె జన్మలో చేసింది ఒక్క సినిమా. అది ఇదే. అందులో ఆమెది ఒక్కటే ఘట్టం. తరుముకొస్తున్న భటుల నుంచి తప్పించుకునే రాజకుమారుణ్ణి ఏరు దాటించే పడవ మనిషి వేషం. సినిమా విడుదలయ్యేనాటికి ఆమెకు పెళ్ళయింది, అత్తవారింట్లో సినిమా ఊసెత్తనివ్వలేదు. తీరా చూసే వీలు కలిగేసరికి ఆ సినిమా ఎక్కడా ఆడటం లేదు. తెర మీద తన ముఖాన్ని ఆమె ఒక్కసారి కూడా చూసుకోలేదు. సినిమాలో చేశానంటే మనవరాళ్ళు నమ్మడం లేదట. కథలు చెబుతోందని ఆటపట్టిస్తారట. పేపర్లో మా ప్రకటన చూసి వచ్చారు.

"డిస్కు ఊరికే ఇవ్వనక్కర్లేదండి, కొనుక్కుంటాను," అన్నారు. "ఆ ముక్క అందులో ఉంటుందా ఉండదా, అది చెప్పండి చాలు."

సెన్సారు వాళ్ళకిచ్చిన రీళ్ళ జాబితాలో తొమ్మిదో రీలు ఎదుట పడవ ఘట్టం అని మాత్రం ఉంది. ఆ రీలే వెతుకుతున్నామని చెప్పాను. ఆ ఘట్టం ఎలా తీశారని అడిగితే ఆమెకు గుర్తున్నవి చిత్రమైన తునకలు. పడవ పీపాల మీద నిలబెట్టిన చెక్కపెట్టె అట. ఇద్దరు మనుషులు కింద కూర్చుని దాన్ని ఊపేవాళ్ళు, అందులో ఒకడికి ఎక్కిళ్ళు. దీపాల వేడికి కథానాయకుడి మీసం ఒక పక్క ఊడింది. ఏరు ఎంత వెడల్పుగా కనిపించిందని అడిగితే ఏరే లేదు పొమ్మన్నారు. ఇంత పెద్ద మనిషికి తన ఒక్క ఘట్టమైనా సరిగ్గా గుర్తులేదే అనుకున్నాను.

ఆమెను బస్టాపు దాకా దింపి రమ్మని మా వ్యాను డ్రైవరు అంజయ్యకు చెప్పాను. అంజయ్యది ఇబ్రహీంపట్నం. దింపి వచ్చి, గుమ్మంలో నిలబడి, తాళంచెవులు తిప్పుతూ అన్నాడు. "గా పడవ సీను నేను చూసిన సార్. మా ఊళ్ల టూరింగు టాకీసుల. కండ్లార చూసిన."

కూర్చోబెట్టి చెప్పించాను. వాడు చెప్పిన తీరుకు టెలిసినీ ఆపరేటర్లు కూడా పని ఆపి వచ్చారు. ఏరు పొంగి పొర్లుతోంది. పడవ మనిషి పచ్చ చీర కట్టుకుని కొంగు నడుముకు బిగించింది. రాజకుమారుడు కూలి ఇద్దామంటే చేతిలో చిల్లిగవ్వ లేదు, వేలికున్న రాజముద్ర ఉంగరం తీసి ఇచ్చాడు. దాటించుడు నా పని, దోచుకునుడు కాదు అని ఆమె తెడ్డు ఎత్తింది. ఇచ్చిన చెయ్యి వెనక్కి తీసుకోలేక అతను ఉంగరాన్ని నీళ్ళలోకి వదిలేశాడు. నలుపు తెలుపు సినిమాలో పచ్చ చీర ఎక్కడిదని అడగబోయి ఆగిపోయాను. జనం పాత సినిమాలకు రంగులు తామే పూసుకుంటారు, అది నాకు అలవాటైన సంగతే. ఇంత వివరంగా చూసినవాడు ఉన్నాడంటే రీలు ఉన్నట్టే. మర్నాడే ఇబ్రహీంపట్నానికి వ్యాను తీశాం.

టూరింగు టాకీసు అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. డేరా వేసి ఆడించే సినిమాహాలు. పట్నంలో హాలుకు రెండు ప్రొజెక్టర్లు ఉంటాయి. ఒకదాంట్లో రీలు అయిపోతుండగానే రెండోది అందుకుంటుంది కాబట్టి బొమ్మ ఆగదు. డేరాకు ఒక్కటే ప్రొజెక్టరు. రీలు అయిపోయినప్పుడల్లా ఆపి, తీసి, కొత్తది ఎక్కించాలి. ఆ సందులోనే జనం బీడీలు ముట్టించేది, పిల్లలను బయటికి తీసుకుపోయేది.

సాగర్ రోడ్డు మీద మన్నెగూడ దాటాక రెండు పక్కలా తెల్ల సున్నం కొట్టిన హద్దురాళ్ళు, వెంచర్ల తోరణాలు. డేరా ఉండే జాగాలో కూడా రాళ్ళు పాతారు. టాకీసు యజమాని పోయి చాలా కాలమైంది. కొడుకు నర్సింహ ప్లాట్ల వ్యాపారంలో ఉన్నాడు. మూలన రేకుల షెడ్డు తాళం తీసి, వచ్చే వారం డోజరు పెడుతున్నాం, ఉన్నవన్నీ తీసుకుపొమ్మన్నాడు. మాట మధ్యలో నాకు తూర్పు మొహం ప్లాటు ఒకటి చూపించాడు. నేను ఫిల్ము అంటే ఆయన ఫీట్లు అనేవాడు, ఆయన ఫీట్లు అంటే నేను ఫిల్ము అనుకునేవాణ్ణి. అలా కాసేపు ఇద్దరం చక్కగా మాట్లాడుకున్నాం.

షెడ్డులో ఇనుప పెట్టెలు వరసగా ఉన్నాయి. ఒక్కో పెట్టెలో రెండేసి రీళ్ళు. తొమ్మిది, పది ఉండవలసిన పెట్టె తెరిచాను. పదో రీలు ఉంది. తొమ్మిది ఉండవలసిన చోట రీలంత గుండ్రంగా కోసిన చెక్క ఉంది. పక్క పెట్టెలో పదకొండో రీలు క్షేమం. మూడింట్లో రెండు దొరికినా, నాకు కావలసింది దొరకలేదు.

నర్సింహను అడిగితే ఆయన కూడా చూశాడు. "మా నాయిన ఒళ్ల కూసోని చూసిన. ఉంగరం నీళ్ళల్ల పడంగ డేరా డేరా అయ్యో అన్నది. ఎవడో ఎత్కపోయిండు సార్. గసుంటి సీను ఎవడిడుస్తడు?"

ఈ మాట నాకు సబబుగా తోచింది. అక్కడినుంచి నా వెతుకులాట దొంగ కోసం మళ్ళింది. వీలు దొరికినప్పుడల్లా వెళ్ళేవాణ్ణి. హోటల్లో, దర్జీ కొట్లో, బస్టాండులో, నడివయసు దాటిన ప్రతివాణ్ణీ అడిగాను. అందరూ చూశారు. అందరూ ఒక్కలాగే చెప్పారు. దర్జీ అయితే పడవ మనిషి తెడ్డు ఎత్తిన తీరు కత్తెరతో చేసి చూపించాడు. మహేశ్వరం నుంచి సంతకు వచ్చిన ఒకతను, తానూ చూశాననీ, ఆ సీను కోసమే బండి కట్టుకుని వచ్చేవాళ్ళమనీ చెప్పాడు. మా మేనేజరు పెట్రోలు గురించి గొణగడం మొదలుపెట్టాడు. తులసమ్మగారు మాత్రం వారానికోసారి ఫోను చేసి, మొదట నా ఆరోగ్యం అడిగి, తర్వాత రీలు సంగతి అడిగేవారు. ఊరంతా చూసింది, ఎక్కడికీ పోదు అని నేను ధైర్యం చెప్పేవాణ్ణి. ఏం చూశారట, ఎలా ఉన్నానట అని ఒకసారి అడిగారు. పచ్చ చీరలో ధగధగలాడిపోయారట అని చెప్పాను. అవతల నవ్వు వినపడింది.

ఈ లోపల పది, పదకొండు రీళ్ళు బల్ల మీదకు వచ్చాయి. ప్రింటును యంత్రం మీద ఎక్కించే ముందు చేత్తో తిప్పుతూ మొదటి నుంచి చివరిదాకా తడిమి చూడటం మా పద్ధతి. అతుకులు వేళ్ళకు తెలుస్తాయి. ఆ రెండు రీళ్ళ నిండా అతుకులే. డేరాలో ఒకే ప్రొజెక్టరు, దుమ్ము, గాలి, ఎగుడుదిగుడు కరెంటు. ఫిల్ము తెగని రోజు ఉండదు. తెగినచోటల్లా నాలుగు ఫ్రేములు పోతాయి, అతికితే బొమ్మ ఎగిరిపడుతుంది, మాట మధ్యలో తెగిపోతుంది. నేను వేళ్ళతో అతుకులు లెక్కపెడుతుంటే, పక్కన కూర్చుని టీ తాగుతున్న అంజయ్య ఒక్కో అతుకుకూ వ్యాఖ్యానం చెబుతున్నాడు. ఇక్కడ తెగితే ఈలలు వేసేవాళ్ళమనీ, అక్కడ మాంత్రికుడి తల ఎగిరిపోయి మొండెమే మాట్లాడేదనీ.

తొమ్మిదో రీలు ఎక్కడ తెగేదిరా అని అడిగాను. అంజయ్య చాలాసేపు ఆలోచించాడు. తెగినట్టు గుర్తులేదన్నాడు.

అప్పుడు నాకు అనుమానం పుట్టింది. అన్ని రీళ్ళూ తెగే డేరాలో ఒక్క రీలు తెగకుండా ఎలా ఆడుతుంది? ఇన్నాళ్ళూ అంతమందిని అడిగాను, ఒక్కడూ ఆ ఘట్టంలో కరెంటు పోయిందనలేదు, మాట వినపడలేదనలేదు, ముందువాడి తల అడ్డమొచ్చిందనలేదు. అడ్డమేమీ లేకుండా సినిమా చూసినవాడు టూరింగు టాకీసులో ఉండడు.

ఆ సాయంత్రమే మళ్ళీ వెళ్ళాం. చెరువు కట్ట కింద వల బాగుచేసుకుంటున్న ఒక ముసలాయన ఉన్నాడు. రోజూ మొదటి ఆటకు ముందు వరసలో కూర్చునేవాడట. పడవ సీను చూశావా బాపూ అంటే, అవ్, చూసిన అన్నాడు. ఆ సీన్ల బొమ్మ తెగుతుండెనా అని అడిగాను. వల మీంచి తల ఎత్తకుండానే జవాబిచ్చాడు.

"యాదమ్మకు దగ్గొస్తెనే తెగుతుండె."

యాదమ్మ ఎవరని అడిగాను. మైకు యాదమ్మ అన్నాడు. ఆమెకేం సంబంధమని అడిగాను. నా తెలివితక్కువతనానికి జాలిపడ్డట్టు ముసలాయన వల పక్కన పెట్టి విడమరిచి చెప్పాడు. ఆ రీలు ఎప్పుడూ లేదు. ఎనిమిదో రీలు అయిపోగానే ప్రొజెక్టరులో ఫిల్ము లేకుండా దీపం ఒక్కటి వెలిగించేవాళ్ళు. తెర తెల్లగా వెలుగుతుంటే దాని కింద యాదమ్మ మైకు పట్టుకుని కూర్చుని కథ చెప్పేది. అది అయ్యాక పదో రీలు ఎక్కేది. మరి చూశానన్నావు కదా అంటే ఆయనకు కోపం వచ్చింది. "చూసిన అంటున్న గద. తెర దిక్కు చూసుకుంట ఇంటుంటిమి. ఇంక చూసుడంటె ఏంది?"

అంజయ్య మొహం చూశాను. వాడు తెల్లబోయి నిలబడ్డాడు. అబద్ధం ఆడినవాడి మొహం కాదది. అంతకాలం తను చూసిన పచ్చ చీర ఎవరిదో వెతుక్కుంటున్నవాడి మొహం.

యాదమ్మకు బస్టాండు వెనక గాజుల కొట్టు. ఆ కొట్టు ముందునుంచే నేను చాలాసార్లు నడిచాను. వచ్చిన పని చెప్పగానే పకపకా నవ్వింది. "గిన్ని దినాలు ఊరంత తిరిగినవ్, మొగోళ్ళనందర్ని అడిగినవ్. నన్ను అడగకపోతివి. ఆడిదేం చూసుంటదనుకున్నవా సారూ?"

అప్పట్లో ఆమె పని ఆడవాళ్ళ వైపు టికెట్లు చింపడం. గొంతు పెద్దది కాబట్టి వచ్చే సినిమా పేరు మైకులో చెప్పే పని కూడా యజమాని ఆమెకే ఇచ్చాడు. ఈ ప్రింటు వచ్చినప్పుడే తొమ్మిదో రీలు లేకుండా వచ్చింది. తిప్పి పంపితే వేరే సినిమా లేదు. పెట్టె ఖాళీగా ఉంటే పదో రీలు లోపల దొర్లి దెబ్బ తింటుందని యజమాని చెక్క కోయించి పెట్టాడు. తెర మీద ఖాళీకి ఏం పెట్టాలో తెలియక యాదమ్మను పెట్టాడు. కథ ఎలా తెలిసిందని అడిగాను. పాటల పుస్తకం చదివించుకుందట. రాజకుమారుడు ఏటి ఒడ్డుకు చేరేదాకా రాసి, మిగతా కథ వెండితెర మీద చూడుమని ఉంది. పదో రీలు మొదట్లో అవతలి ఒడ్డున భటులు కాచుకుని ఉంటారు, రాజకుమారుడి వేలికి ఉంగరం ఉండదు. మధ్యలో ఏం జరిగి ఉంటుందో ఆమె అల్లుకుంది. ఉంగరం నీళ్ళలో వేయించింది. అతను వస్తున్న సంగతి మాంత్రికుడు గిన్నెడు నీళ్ళలో చూసి భటులకు చెప్పినట్టు పెట్టింది. నేనూ కథలు అల్లేవాణ్ణే. ఇంత శుభ్రంగా రెండు కొసలూ ముడివేయడం నా వల్ల అయ్యేది కాదు.

తిరిగి వస్తూ వ్యానులోనే నాకు ఆలోచన వచ్చింది. దొరకని రీలు చోట యాదమ్మ గొంతు పెడితే? తెల్ల తెర, ఆమె మాట. మా మేనేజరుకు చెబితే, డిస్కు అట్ట మీద వేసుకోవడానికి బాగుంటుందన్నాడు. తన గొంతు సీడీకెక్కుతుందని యాదమ్మ ఊళ్ళో అప్పుడే చాటేసింది. ఇక మిగిలింది తులసమ్మగారికి చెప్పడం. ఫోనులో చెప్పాను. రీలు లేదు, ఇక దొరకదు, కానీ మీ ఘట్టాన్ని చెప్పే మనిషి ఉంది. నన్ను తీసుకువెళ్ళండి, వింటాను అన్నారు ఆమె.

మర్నాడు నాదర్‌గుల్ వెళ్ళి ఎక్కించుకున్నాం. పట్టుచీర కట్టుకుని సిద్ధంగా ఉన్నారు. అక్కడి ఎయిర్‌ఫీల్డు శిక్షణ విమానం ఒకటి నెత్తిమీద చక్కర్లు కొడుతుంటే దారిలో సగం గట్టిగా అరుచుకుంటూ మాట్లాడుకున్నాం. యాదమ్మ కొట్టు ముందు రెండు కుర్చీలు వేసి పెట్టింది. వచ్చినావిడ ఎవరో నేను ముందే చెప్పాను. యాదమ్మ ఆమెను పాదాల నుంచి నెత్తిదాకా చూసి, కూసో అక్కా అని, తెర ఉన్నట్టు గోడ వైపు తిరిగి మొదలుపెట్టింది.

మైకు లేకపోయినా ఆ గొంతు బస్టాండు దాకా పోయింది. గాజులు కొనడానికి వచ్చిన ఆడవాళ్ళు ఆగిపోయారు. ఏరు పొంగింది, కొంగు బిగిసింది, తెడ్డు లేచింది. ఉంగరం నీళ్ళలో పడినప్పుడు అంజయ్య కళ్ళు తుడుచుకున్నాడు, అంతా తెలిసి కూడా. తులసమ్మగారు చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా విన్నారు. అయిపోయాక యాదమ్మ చెయ్యి పట్టుకుని, చాలా బాగా చెప్పావమ్మా అన్నారు. ఆ తర్వాత నా వైపు తిరిగారు.

"కానీ నేను ఉంగరం తీసుకున్నానండి."

ఆమె నిదానంగా చెప్పారు. ఆ పడవ మనిషి మంచిది కాదు. ఉంగరం పుచ్చుకుంటుంది, ఒడ్డు చేరగానే దాన్నే ఎత్తి భటులకు సైగ చేస్తుంది. అందుకే అక్కడ కాచుకుని ఉంటారు. అత్తవారికి సినిమా మీద కోపం కంటే ఆ వేషం మీద కోపం ఎక్కువట.

యాదమ్మ వెంటనే అందుకుంది. "గట్ల నేనెట్ల చెప్పుదునక్కా? ముంగట వరస నిండ చెరువుల తెప్పలు నడిపేటోళ్ళు. మీ ఆడిది ఉంగరం తీస్కొని పట్టిచ్చింది అంటే నా మైకు ఇరగ్గొడ్తుండిరి." తర్వాత కొంచెం తగ్గి, ఇప్పటికైనా ఏం పోయింది, మంచిదానివే అయినవ్, గట్లనే ఉండనియ్యి అంది. మీ మనుమరాండ్లు చూసుకొని మురుస్తరు అని కూడా అంది. నాకూ అదే న్యాయంగా కనిపించింది. ఆమెకు నష్టమేముంది?

తులసమ్మగారు తల అడ్డంగా ఊపారు.

"వద్దనడం ఎవరైనా చేస్తారు. తీసుకునేటప్పుడు చెయ్యి వణకాలన్నారు డైరెక్టరుగారు. మొహంలో ఏమీ కనపడకూడదు, చెయ్యి ఒక్కటే వణకాలి. కింద వాళ్ళు పడవ ఊపుతుంటే ఆ ఊపు వేరు, నా వణుకు వేరు అని తెలియాలి. చేశాను. సెట్టులో అందరూ చప్పట్లు కొట్టారు. నేను చేసింది అదొక్కటేనండి. అది తీసేస్తే ఇంక అందులో నేనెక్కడున్నాను?"

ఇలా అంటూ ఆమె చెయ్యి చాపి చూపించారు. మొహం అద్దంలా నిశ్చలంగా ఉంది. చెయ్యి చాలా కొద్దిగా, మణికట్టు దగ్గర మొదలై వేళ్ళ దాకా వణికింది. యాదమ్మ ఆ చేతినే చూస్తూ ఉండిపోయింది.

"గిది నాకు తెల్వకపాయె," అంది చివరికి. "తెలిస్తే వణికిస్తుంటి. మైకు ఇరిగినా సరే."

ఇక తన గొంతు సీడీకెక్కదన్న బాధ ఆమెకు లేకపోలేదు. కానీ ఆ మాటెత్తలేదు. తులసమ్మగారి చేతికి సరిపడే గాజులు వెతికి తనే తొడిగింది.

ఆ రీలు చోట మేము వేసింది నల్ల తెర మీద తెల్ల అక్షరాలు. వాక్యాలు నేను రాశాను, తులసమ్మగారు దిద్దారు. "ఇక్కడ ఒక రీలు లభించలేదు. అందులో పడవ నడిపే స్త్రీ రాజకుమారుడి ఉంగరం తీసుకుని, అతన్ని భటులకు పట్టిస్తుంది. తీసుకునేటప్పుడు ఆమె చెయ్యి వణుకుతుంది. పాత్రధారిణి తులసమ్మ." సినిమాలో లొసుగు ఉందని మనమే అచ్చు వేసుకుంటామా అని మేనేజరు ఒప్పుకోలేదు. విదేశాల్లో సినిమాలు భద్రపరిచే పెద్ద పెద్ద సంస్థలన్నీ లేని భాగాన్ని ఇలాగే ప్రకటిస్తాయనీ, అలా ప్రకటించని డిస్కును అక్కడ ఎవరూ ముట్టుకోరనీ చెప్పాను. నోటికొచ్చిన కోత అది. నిజంగానే అలా చేసే పద్ధతి ఉందని కొన్నేళ్ళ తర్వాత ఒక శిక్షణ తరగతిలో తెలిసి, నా మీద నాకే అనుమానం వేసింది.

డిస్కు వచ్చాక తులసమ్మగారు ఫోను చేశారు. మనవరాళ్ళు ఆ అక్షరాల దగ్గర ఆపి పేరు గట్టిగా చదివారట. వాళ్ళలో ఒకమ్మాయి చెయ్యి వణికించి చూపమందట. ఆ తర్వాత ఫిర్యాదు. ఆ అక్షరాల కార్డు మరీ త్వరగా పోతోందనీ, తన పేరు కింద కన్ను నిలిచేలోపు పదో రీలు వచ్చేస్తోందనీ, తర్వాతి ముద్రణలో కాస్త నిడివి పెంచమనీ. డీవీడీ వేసినప్పుడు పెంచాను.

ఆ తర్వాత నేను ఆ ఉద్యోగంలో ఉన్నంతకాలం, సినిమాల్లో లేని భాగాల కోసం చాలా ఊళ్ళు తిరిగాను. ఈ సంగతి వల్ల నా పనిలో రెండు మార్పులు వచ్చాయి. లేని భాగాన్ని లేదనే రాయించేవాణ్ణి, దాని చోట మరేదీ పెట్టనివ్వలేదు. సాక్షులను ఏం చూశారని అడగడం మానేసి, చూస్తుండగా ఏం అడ్డమొచ్చిందని అడిగేవాణ్ణి. ఫిల్ము తెగిందనో, పిల్లవాడు ఏడ్చాడనో, మీసం ఊడిందనో చెప్పిన ఊళ్ళో ఆగి వెతికేవాణ్ణి. మొదటి నుంచి చివరిదాకా ఎక్కడా తడబడకుండా చెప్పిన చోట, టీ తాగి తిరిగి వచ్చేసేవాణ్ణి.